అర వేలు వదులు

మా మరిది గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే ఒకప్పుడు నాకు రెండు కూడా దొరికేవి కావు. నా చెల్లెలి మొగుడు, టైలరు. వీధిలో అందరూ టేపు మాస్టారు అంటారు, మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు మరి. పెళ్లిలో కూడా మెడలో వేసుకునే వచ్చాడని నా చెల్లెలు కనిపించిన వాళ్లందరికీ చెప్పేది. పచ్చి అబద్ధం. పెళ్లిలో జేబులో పెట్టుకున్నాడు, నేను చూశాను.

నోట్లో నాలుక లేని మనిషి. నేనేమో బడిలో ముప్పై ఏళ్లు పిల్లల నోళ్లు మూయించి రిటైరైనదాన్ని. అమ్మ తొందరగా పోవడంతో చెల్లెల్ని నేనే పెంచాను. జడలు వేశాను, వీపు మీద రెండు తగిలించాను, బస్సు కండక్టరు ఉద్యోగానికి దరఖాస్తు కూడా నేనే నింపాను. అలాంటిదాన్ని ఇంత మెతక మనిషికిచ్చి కట్టబెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. "అక్కా, నేను రోజంతా బస్సులో అరిచి వస్తాను. ఇంట్లో కూడా ఇంకొకడు అరిస్తే ఇరుగుపొరుగు పారిపోతారే," అంది. ఆయన కూడా తక్కువవాడు కాదు, వదినగారు సరే అంటేనే అని కూర్చున్నాడు. అన్నాను. అప్పటినుంచి ఇరవై ఏళ్లలో నా మాటకు ఒక్కసారి ఎదురు చెప్పి ఎరగడు. ఎదురు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంటి ముందుగదే ఆయన దుకాణం. వీధివైపు కిటికీ, కిటికీ కింద కుట్టుమిషను, పక్కన కత్తిరింపు బల్ల, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక కాలు పొట్టిదైన బెంచీ. ఆడవాళ్ల బట్టలే కుడతాడు. జాకెట్లు, గౌన్లు, చొక్కాలు. మనిషి గుమ్మం దాటి లోపలికొచ్చేలోపే కంటితో కొలత తీసేస్తాడు, టేపు ఉత్త మర్యాదకి. ఒకామెకు కుడి భుజం దిగుతుంది, ఇంకొకామెకు నడుము ఒకవైపు ఎక్కువుంటుంది. ఆ తేడాలన్నీ గుడ్డలోనే సర్దేస్తాడు తప్ప ఒక్క మాట అనడు. పని నేర్పిన గురువు అలా నేర్పాడట. "ఒంట్లో తేడా కనిపిస్తే కత్తెరకు చెప్పు, మనిషికి చెప్పకు. చెప్పావంటే మళ్లీ నీ గుమ్మం తొక్కరు." ఆ ఒక్క మాట పట్టుకుని ముప్పై ఏళ్లు అన్నం తిన్నాడు.

నా చెల్లెలి యూనిఫాం చొక్కాలు కూడా ఆయనే కుట్టేవాడు. డిపోలో మిగతా కండక్టర్ల చొక్కాలు గోనెసంచుల్లా వేలాడుతుంటే దీని చొక్కా ఒంటికి అతికినట్టుండేది. "మొగుడు టైలరైతే ఇదే సుఖం, మీరూ వెతుక్కోండి," అని వాళ్లను ఉడికించేది.

ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో తగిలింది దానికి. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో రోజు నాకు ఫోన్ చేసి, "అక్కా, ఒకసారి డాక్టరు దగ్గరకు నాతో వస్తావా, మాస్టారుకు చెప్పకు, కంగారు పడతారు," అంది. వెళ్లాం. సూది పెట్టి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని వచ్చింది. చంకలో గ్రంథులకు కూడా పాకిందన్నారు. ఆ డాక్టరు కాగితాల మీంచి తలెత్తి, "కొన్ని నెలల ముందు రావాల్సిందమ్మా," అంది. ఆవిడ మామూలుగానే అంది, రోజుకు పదిమందితో అనే మాటే. మా ఇంట్లో మాత్రం ఆ మాట వచ్చి కూర్చుంది, మళ్లీ లేవలేదు.

రొమ్ము తీసేశారు. ఆపరేషన్ అయిన సాయంత్రం ఆసుపత్రి వరండాలో మంచినీళ్ల కుళాయి దగ్గర నేనూ మా మరిదీ నిలబడి ఉన్నాం. ఆయన గ్లాసు నింపుతున్నాడు, నిండి పొర్లిపోతోంది, కుళాయి కట్టడు.

"వదినా, నేను చూశాను," అన్నాడు.

"ఏం చూశావు?"

"పోయిన చలికాలం. తన చొక్కా ఎడమవైపు పట్టేస్తోంది. మూడో గుండీ దగ్గర లాగుతోంది. కుడివైపు బాగానే ఉంది. ఉతుకుడికి గుడ్డ ముడుచుకుందేమో అనుకున్నాను. ఎడమవైపు కుట్టు విప్పి అర వేలు వదులు చేశాను."

"దానికి చెప్పావా?"

"లేదు. తను డ్యూటీకి వెళ్లినప్పుడు చేసి మడతపెట్టేశాను. రెండు నెలలకు మళ్లీ పట్టింది, మళ్లీ వదిలాను." నిండిన గ్లాసు ఒంపేసి మళ్లీ కుళాయి కింద పెట్టాడు. "మూడు చొక్కాలకూ, వదినా."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. ఆ చొక్కా బిగుసుకుని ఉంటే, గుండీ పెట్టుకునేటప్పుడు ఒక్కరోజు ఇబ్బంది పడి ఉంటే, ఆ చొక్కానే దానికి చెప్పేది. ఈ మహానుభావుడు చొక్కా నోరు కూడా నొక్కేశాడు! పరాయి ఆడవాళ్ల దగ్గర మర్యాద సరే, కట్టుకున్న పెళ్లాం దగ్గర కూడానా? చెంప పగలగొడదామనిపించింది. వరండా నిండా జనం ఉన్నారు కాబట్టి ఊరుకున్నాను.

"రేపు తను కాస్త తేరుకున్నాక చెప్పేస్తాను," అన్నాడు.

"నోరెత్తావంటే చంపుతాను," అన్నాను. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా? చెబితే నీ గుండె బరువు దిగుతుంది, దానికేం దిగుతుంది? కోత నొప్పి చాలక ఇది కూడానా? నీ కడుపులో పెట్టుకుని మొయ్యి. పాప మీద ఒట్టెయ్యి."

పాప అంటే వాళ్లకున్న ఒక్కగానొక్క కూతురు, కాలేజీలో చేరిన ఏడాది. మా మరిది నా మొహం చూసి చెయ్యి చాపాడు. నా అరచేతిలో చెయ్యి వేసి ఒట్టేశాడు. చెల్లెలి మంచి కోసమే అనుకున్నాను. అందులో సగమే నిజం. ఆయన్ని శిక్షించాలని కూడా ఉంది నాకు. బడిలో తప్పు చేసిన పిల్లాణ్ణి మూల నిలబెట్టినట్టు నిలబెట్టాను. మూల నుంచి ఎప్పుడు రమ్మనాలో మాత్రం ఆలోచించలేదు.

ఇక ఆయన సేవ గురించి చెప్పకపోతే నా నోరు పుచ్చిపోతుంది. కోసిన చోటు నుంచి నీరు దిగడానికి గొట్టం పెట్టి, చివర ఒక చిన్న బుడ్డి తగిలించి ఇంటికి పంపారు. దాన్ని చేత్తో పట్టుకుని నడవాలి. మర్నాటికి మెత్తటి గుడ్డతో మెడలో వేసుకునే సంచి కుట్టేశాడు. చెయ్యి పైకెత్తలేదు కాబట్టి ముందు తెరుచుకునే చొక్కాలు కుట్టాడు. చంక కింద పెట్టుకోవడానికి బొప్పాయంత దిండు కుట్టాడు. చెయ్యి బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్లతో పైకి పాకించాలని నర్సమ్మ చెబితే, వంటింటి గోడ మీద గుడ్డలకు గీసే సుద్దతో రోజుకో గీత గీసేవాడు. "ఇవాళ ఈ గీత దాకా, కండక్టరమ్మా. రేపు తర్వాతి స్టాపు." అది పళ్లు బిగించి వేళ్లు పాకించేది. గీత అందితే బస్సు ఆపించినట్టు "హోల్డాన్!" అని అరిచేది.

రొమ్ము లేనిచోట పెట్టుకోవడానికి దూదితో ఒకటి చేశాడు. తేలికైపోయి పైకి జరుగుతుంటే లోపల చిన్న రాళ్లు కుట్టి బరువు సరిచేశాడు. మొదటిసారి పెట్టుకుని అద్దం ముందు నిలబడి, "అక్కా, అసలుదానికంటే ఇదే బాగుందే! రెండోది కూడా మార్పించుకుందునా?" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. పాప కూడా నవ్వింది. మా మరిది కత్తెర వెతుక్కుంటూ ముందుగదిలోకి వెళ్లిపోయాడు. కత్తెర ఆయన చేతిలోనే ఉంది.

ఆ సంచులూ దిండ్లూ చూసి ఆసుపత్రి నర్సమ్మ మిగతావాళ్లకూ కుట్టిపెట్టమంది. గురువారం గురువారం ఆవిడ రెండు గదుల్లో మనుషుల్ని కూర్చోబెట్టేది. ఒక గదిలో జబ్బుపడినవాళ్లు, పక్క గదిలో వాళ్లకు తోడుండేవాళ్లు. మొగుళ్లు, అమ్మలు, కూతుళ్లు. ఏ చేతికి సూది వేయించకూడదు, వాంతులైతే ఏం తినిపించాలి, వాళ్లు కసిరితే ఏం చెయ్యాలి, మీరెప్పుడు పడుకుంటున్నారు, ఇలాంటివన్నీ మాట్లాడించేది. మా మరిది సంచుల మూట పట్టుకెళ్లి పంచి, తలుపు పక్క కుర్చీలో కూర్చుని వినేసి వచ్చేవాడు. "మొగాళ్లు కుర్చీలేసుకుని ఏడవడానికి కూడా ఒక గది కావాలా?" అని నేను దెప్పేదాన్ని. సిగ్గులేని నోరు నాది.

అసలు నరకం వేరే ఉంది. నా చెల్లెలు తప్పంతా తన నెత్తిన వేసుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్లకల్లా ఒకటే కథ. "టికెట్టు లేకుండా ఎక్కి కూర్చున్నాడండీ దొంగవెధవ. ఇరవై ఏళ్ల సర్వీసు నాది. బస్సులో ఒక్కణ్ణి తప్పించుకోనివ్వలేదు. నా ఒంట్లో ఎక్కినవాణ్ణి చూసుకోలేకపోయాను!" వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లు వెళ్లాక అది మొహం గోడవైపు తిప్పుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి, "అద్దం చూసుకునే తీరిక లేదు, సరే. చొక్కా అయినా బిగుసుకోవాలి కదక్కా? అది కూడా బిగుసుకోలేదు. నేనెంత మొద్దునో!" అంది. మా మరిది అక్కడే దాని పాదాలకు నూనె రాస్తున్నాడు. రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. మింగలేడు, కక్కలేడు. నా వైపు చూశాడు. నేను కళ్లురిమాను.

వంటింట్లో కప్పులు కడుగుతుంటే వెనకాలే వచ్చాడు.

"వదినా, ఆ ఒట్టు తీసెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"తీసేస్తే?"

"తప్పు తనది కాదని తెలుస్తుంది."

"ఎవరిదని తెలుస్తుంది?"

"నాదని."

"అప్పుడిక దానికి మిగిలేదేంటి?" అన్నాను. "రోజుకు నాలుగుసార్లు నీ చేతి మందు మింగాలి. నీ భుజం పట్టుకుని బాత్రూంకు వెళ్లాలి. ఆ భుజం కూడా లాగేస్తావా? నీమీద కోపం పెట్టుకుని ఎవరి దగ్గరకు పోతుంది?"

ఆయన వెళ్లి మళ్లీ నూనె గిన్నె తీసుకున్నాడు. ఎంత బాగా చెప్పానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను ఆరోజు. ఛీ!

ఏడాది గడిచేసరికి జబ్బు ఎముకల్లోకి, ఆ తర్వాత కాలేయంలోకి వచ్చింది. మందులు మార్చారు. జుట్టు రెండోసారి రాలింది. గోడ మీద సుద్దగీతలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. నా చెల్లెలు మాత్రం పాపను మంచం పక్కన కూర్చోబెట్టుకుని, "నెలకోసారి నీ ఒళ్లు నువ్వు చూసుకోవే. నాలా మొద్దులా ఉండకు. అమ్మ చేసిన తప్పు నువ్వు చెయ్యకు," అని పాఠం చెప్పినట్టు చెప్పేది. పిల్ల తలూపి తలూపి బయటికొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చేది. "పెద్దమ్మా, అమ్మ తప్పేముంది?" అంటే, "ఏం లేదు తల్లీ," అనేదాన్ని. ఆ మాటేదో లోపలికి వెళ్లి దానికి చెప్పాలన్న బుద్ధి పుట్టలేదు. అంటే, చెప్పాను ఒకటి రెండుసార్లు, "నీ తప్పేం లేదే" అని. ఉత్త ఊరడింపు మాట కదా, అది నమ్మలేదు. నమ్మించగలిగేది ఒక్కటే ఉంది. దాన్ని నేను తాళం వేసి పెట్టాను.

ఒక బుధవారం పొద్దున్న, పాలవాడు వచ్చి వెళ్లాక పోయింది. పాప ఒక చెయ్యి, ఆయన ఒక చెయ్యి పట్టుకుని ఉన్నారు. నేను కాళ్ల దగ్గర ఉన్నాను. పెంచినదాన్ని నేను, నాకంటే పద్నాలుగేళ్లు చిన్నది, నా ముందు పోయింది. ఆ ఏడుపు గురించి రాయడం నా వల్ల కాదు.

రెండు నెలలకు మా మరిది మళ్లీ గురువారాలు ఆసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టాడు. పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటే ఈయనకు ఆ గదిలో ఇంకేం పని అని నాకు తిక్క రేగింది. నాలుగు దులిపి పట్టుకొద్దామని ఒక గురువారం వెనకాలే వెళ్లాను. అప్పటికే మొదలైపోయింది. నర్సమ్మ నన్ను చూసి వెనక కుర్చీ చూపించింది. పన్నెండు మంది ఉంటారు. మా మరిది తలుపు పక్కనే, ఒళ్లో గుడ్డసంచుల మూట.

ఒక లారీ డ్రైవరు మాట్లాడుతున్నాడు. వాళ్లావిడకు ఆపరేషన్ అయి పది రోజులైందట. "తన తప్పేనంటూ ఒకటే ఏడుపు మేడమ్. ముందే చూసుకోలేదంటుంది. నేనేం చెప్పాలో నాకు తెలీట్లేదు," అన్నాడు.

అప్పుడు మా మరిది గొంతు సవరించుకున్నాడు. ఏడాదిన్నరలో ఆ గదిలో ఆయన నోరు విప్పడం అదే మొదటిసారని నర్సమ్మ తర్వాత చెప్పింది.

"మా ఆవిడ కూడా అలాగే అనేది. కానీ ముందు చూసింది నేను," అన్నాడు. మూడో గుండీ సంగతి, ఎడమవైపు కుట్టు సంగతి, మూడు చొక్కాలూ, అన్నీ చెప్పాడు. గురువు నేర్పిన మాట కూడా చెప్పాడు. నర్సమ్మ మెల్లగా, "మాస్టారూ, అప్పుడే వచ్చినా ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరండీ," అంది. "తెలుసమ్మా," అన్నాడు.

"మరి ఆవిడకు చెప్పారా?" అన్నాడు డ్రైవరు.

మా మరిది నన్ను చూశాడు, నేను వచ్చానని ఆయనకు తెలుసు. చూసి తల దించుకున్నాడు.

"లేదు బాబూ. ధైర్యం చాల్లేదు."

మూట మీద ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ, ఇంకా చెప్పాడు. "పోయే ముందు సోమవారం, ఇంట్లో ఎవరూ లేరు. నా చెయ్యి పట్టుకుంది. 'మాస్టారూ, నన్ను క్షమించండి. నేను కాస్త ముందు చూసుకుని ఉంటే మీకీ చాకిరీ ఉండేది కాదు, పాపకు అమ్మ ఉండేది,' అంది. నాకు నోరు పెగల్లేదు. కోపమా అని అడిగింది. మళ్లీ అడిగింది. క్షమించానని మీ నోటితో అంటేగానీ నాకు మనశ్శాంతి లేదంది." ముడి బిగించాడు. "క్షమించాను అన్నాను. నేను! తనను!"

ఈ సంగతి నాకు తెలియదు. ఆ సోమవారం నేను మందుల దుకాణానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది నిద్రపోతోంది, ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎండగా ఉందా వదినా అని అడిగాడు నన్ను.

లేచి నిలబడ్డాను. "ధైర్యం లేక కాదు," అన్నాను. బడిలో గోడలు అదిరేలా అరిచిన గొంతు, పక్కవాళ్లకు కూడా వినిపించలేదేమో. మళ్లీ అన్నాను. "చెబుతానన్నాడు. నేనే పిల్ల మీద ఒట్టు వేయించుకున్నాను. తీసెయ్యమని బతిమాలాడు. నేను తియ్యలేదు."

అందరూ నా వైపు తిరిగారు. మా మరిది లేచి వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టాలని ఎంత కోరుకున్నానో! కుర్చీ దగ్గరకు జరిపి, "కూర్చోండి వదినా. మీరు తన మంచికే కదా అన్నారు," అన్నాడు.

కూర్చోలేకపోయాను. క్షమించమని అడగాల్సిన ఇద్దరం దాని మంచానికి చెరోవైపు ఏడాదిన్నర కూర్చున్నాం. మేం అడగలేదు. ఏ తప్పూ చెయ్యనిది, అదే అడిగి వెళ్లిపోయింది.